తూము ఎత్తిన ఆదివారం

నా చిన్నప్పుడు, రాష్ట్రం రెండు ముక్కలు కావడానికి ఓ రెండేళ్ళ ముందు, మా ఊళ్ళో ఒక మంచి మనిషిని ఆరు రోజులపాటు దొంగను చేశారు. అసలు సంగతి తెలిసినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళలో నేనొకదాన్ని. నాకప్పుడు పదేళ్ళు. ఇప్పటికీ ముప్ఫై నిండలేదు గానీ, నేను పాఠం చెప్పే మూడో తరగతి పిల్లల లెక్కలో నేను ముసలిదాన్నే. ఆ పెద్దరికం తీసుకునే ఈ సంగతి చెబుతున్నాను. చెబుతుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది గజపతినగరానికి ఆటోలో అరగంట దూరం. దసరా నెల వచ్చిందంటే మా ఊరు కంపు కొట్టేది. దాన్ని అందంగా చెప్పే పని లేదు, కంపే. గోగు కోసి, కట్టలు కట్టి, ఊరి చెరువులో పడేసి, పైకి తేలకుండా బురదముద్దలూ రాళ్ళూ బరువు పెట్టేవాళ్ళు. పది పదిహేను రోజులు ఊరితే బెరడు మెత్తబడి, పుల్ల నుంచి నార చీలి వస్తుంది. ఊరుతున్నన్నాళ్ళూ ఆ వాసన బట్టలకీ జుట్టుకీ చివరికి అన్నానికీ పట్టేది. చుట్టాలెవరైనా వచ్చి ముక్కు మూసుకుంటే మాకు నవ్వొచ్చేది.

చిక్కేమిటంటే, సరిగ్గా అదే సమయానికి వరి పొట్టకి వస్తుంది. పొట్ట మీదున్న వరికి నీళ్ళు కావాలి. గోగుకేమో చెరువులో నీళ్ళు కదలకుండా నిలవాలి. ఉన్నది ఒక్క చెరువు. అందుకని మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఆఖరి గోగు కట్ట ఒడ్డెక్కేదాకా ఎవరూ తూము ఎత్తకూడదు. తూము పలక లేవాలంటే ఇనప హేండిలు తగిలించి తిప్పాలి. ఆ హేండిలు చెరువు కాపలా చూసే మనిషి ఇంట్లో, తలుపు వెనక మేకుకి వేలాడేది.

ఆ మనిషి మా పక్కింటి అక్క వాళ్ళ నాన్న. నేను మావ అని పిలిచేదాన్ని. కోతలయ్యాక రైతులు ఇచ్చే ధాన్యమే ఆ కాపలాకి ప్రతిఫలం, ఆ ధాన్యమే ఆ ఇంటికి ఏడాది తిండి. అది కాక ఒక చిన్న పొలం చెక్క కౌలుకి తీసుకుని గోగు వేసుకునేవాడు. వాళ్ళు మిషను చర్చికి వెళ్ళేవాళ్ళు. ఆదివారం పొద్దున్నే మావ తెల్లచొక్కా వేసుకుని, అత్తనీ అక్కనీ వెంటబెట్టుకుని ఆటో ఎక్కి టౌనుకి వెళితే మళ్ళీ వచ్చేది మధ్యాహ్నం దాటాకే. ఇంటికి తాళం వేసే అలవాటు లేదు. గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. అక్క ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉండేది. రోజూ సాయంత్రం వాళ్ళ గుమ్మంలో కూర్చోబెట్టుకుని నాకు లెక్కలు చెప్పేది. ఆ ఇల్లు నాకు పరాయి ఇల్లు కాదు. గొళ్ళెం తీసి లోపలికి పోయి మంచినీళ్ళు ముంచుకు తాగేంత చనువు నాకుంది.

మా నాన్న సాలూరులో లారీ మీద ఉండేవాడు. నెలకో, రెండు నెలలకో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. ఇల్లూ పొలమూ చూసేది పెదనాన్నే. నన్ను సైకిల్ మీద బళ్ళో దింపింది, జ్వరమొస్తే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది కూడా ఆయనే. పంచాయతీలో మెంబరు. ఊళ్ళో ఆయన మాటకి విలువుండేది. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు చాలా తేలికయ్యేది.

ఆ ఆదివారం పొద్దున్న మావ వాళ్ళ ఆటో మలుపు తిరిగిందో లేదో, పెదనాన్న నన్ను పిలిచాడు.

“ఒసే అమ్మీ, మావోలింట్లో తూము హేండిలు ఉంటాది. బేగి అట్టుకురా.”

మావ లేడు కదా అన్నాను. “ఆడొచ్చినాక నాను సెప్తాన్లే” అన్నాడు. నేను గొళ్ళెం తీసి, పీట వేసుకుని, మేకు మీది హేండిలు దింపి తెచ్చి ఇచ్చాను. పెద్దవాళ్ళు అడిగారు, చిన్నదాన్ని నేను తెచ్చాను. అంతవరకూ నా తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

తూము ఎత్తి, గంటలో దింపేస్తానన్నవాడు మధ్యాహ్నం దాకా దింపలేదు. చివరి మడి తడవలేదు, ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ కూర్చున్నాడు. తర్వాత హేండిలు నా చేతికిచ్చి మళ్ళీ మేకుకి తగిలించి రమ్మన్నాడు. సాయంత్రం మావ వాకిట్లో కనపడ్డాడు. పెదనాన్న ఆయనతో వానల గురించి మాట్లాడాడు, ఎరువుల గురించి మాట్లాడాడు, అసలు మాట ఒక్కటీ మాట్లాడలేదు. సెప్పావా అని నేనడిగితే, రేపు సెప్తాను అన్నాడు.

ఆ రేపటికి చెరువు మోకాలెత్తు దిగిపోయి ఉంది. లోతు వైపు కట్టలకి ఏమీ కాలేదు. అవి మా లాంటి వాళ్ళవి, ముందుగా బళ్ళు కట్టుకొచ్చి మంచి చోటు పట్టుకున్నవాళ్ళవి. మెరక వైపు కట్టలన్నీ బయటపడ్డాయి. సగం ఊరిన గోగు ఎండకి ఎండితే బెరడు పుల్లకి అతుక్కుపోతుంది. మళ్ళీ ముంచినా నార రాదు, తునకలు వస్తాయి. ముంచుదామన్నా నీళ్ళు లేవు, వానలు వెనక్కి పోయాయి. మెరక వైపు కట్టలు వేసుకున్న పేదవాళ్ళంతా గట్టు మీద నిలబడి తిట్టారు, ఏడ్చారు. వాళ్ళలో మావ కూడా ఉన్నాడు. ఆయన కట్టలూ అక్కడే ఉన్నాయి.

చూడండి, ఇక్కడే నాకు తిక్క రేగుతుంది. తన కట్టలే ఎండిపోయినవాడు తూము ఎందుకు ఎత్తుతాడు? ఈ చిన్న ప్రశ్న ఊరు మొత్తంలో ఒక్కరికీ తట్టలేదు. హేండిలు ఎవరి దగ్గరుంటుంది, మావ దగ్గర. అయితే మావే దొంగ. ఎవరి దగ్గరో ఏదో పుచ్చుకుని నీళ్ళు వదిలేశాడన్నారు. ఆదివారం వస్తే ఆడికి చెరువు గుర్తుండదన్నారు. ఇన్నేళ్ళు ఆ మనిషి కావలి కాసిన నీళ్ళతో పండిన అన్నం తిన్న నోళ్ళే అవన్నీ. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆకాశంలో మబ్బు లేని ఆ రోజుల్లో మా పెదనాన్న మడులు మాత్రం నిండుగా మెరుస్తున్నాయి. కళ్ళున్న ప్రతివాడికీ కనపడుతున్నాయి. అటు ఎవరూ చూడలేదు. చూస్తే మాట్లాడాల్సి వస్తుందని చూడలేదు.

శనివారం సాయంత్రం బడి వరండాలో పెద్దలు కూర్చుంటారని, మావ చేత హేండిలు వెనక్కి తీసుకుంటారని తేలిపోయింది. హేండిలు పోతే కాపలా పోతుంది. కాపలా పోతే ఆ ఇంటికి గింజలు లేవు. అంతకన్నా ముందు పేరు పోతుంది.

నేను చెప్పేయాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. సోమవారం పెదనాన్న పని మీద విజయనగరం వెళ్ళాడు, ఆయన లేకుండా ఎలా చెబుతాననుకున్నాను. మంగళవారం బళ్ళో పరీక్ష. బుధవారం సాయంత్రం అక్క నాకు లెక్కలు చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఆ రోజు ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. “ఆదివారం మేం ఊల్లో నేనప్పుడు మా ఇంటికి ఎవులైనా వచ్చేరేటే? నువ్వేటైనా సూసావా?” అని అడిగింది.

చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఎవరికైనా దొరుకుతుందా? నేను “నేదు” అన్నాను. పుస్తకంలోకి చూస్తూ అన్నాను. అక్క నా మాట నమ్మింది. హేండిలు తేవడం నా తప్పు కాదు గానీ, ఈ మాట మాత్రం పూర్తిగా నాదే.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. మా మామ్మ, అంటే నాన్నకీ పెదనాన్నకీ అమ్మ, ఎందుకు తినడం లేదని ఒక్కసారి కూడా అడగలేదు. మంగళవారం పొద్దున మా గోగు నార తీతకి వచ్చింది. కూలీలు నడుం లోతు నీళ్ళలో దిగి అన్ని కట్టలూ తీశారు. ఒక్క కట్ట మాత్రం మామ్మ నీళ్ళలోనే ఉంచమంది. ఆ పొద్దున్నే నన్ను బళ్ళోకి పోయేముందు చెరువు గట్టుకి తీసుకెళ్ళి, ఆ కట్టలోంచి ఒక కాడ లాగి నా చేతికిచ్చి నార తియ్యమంది. మొదలు చితక్కొట్టి లాగితే నా ఎత్తు నార తెల్లగా జారి వచ్చింది. బుధవారం మళ్ళీ తీసుకెళ్ళింది. అప్పుడూ వచ్చింది, కాస్త నల్లబడింది. గురువారం సగంలో తెగింది. శుక్రవారం నా వేళ్ళ మధ్య జావలాగా కారిపోయింది. దిగిపోయిన చెరువులో మిగిలిన నీళ్ళు ఎండకి ఉడికిపోయి ఉన్నాయి. అందులో ఆ కట్ట కుళ్ళిపోయింది.

“మంగలారం తీసుంటే నారయ్యీది” అంది మామ్మ.

నేను గట్టు మీద కూలబడి ఏడ్చాను. హేండిలు, పీట, మేకు, అక్క అడిగిన మాట, నేనన్న అబద్ధం, అన్నీ కక్కేశాను. పెదనాన్న పేరు చెప్పేటప్పుడు మామ్మ మొహంలోకి చూడలేకపోయాను. ఆమె కొడుకు కదా. తిడుతుందనుకున్నాను. ఊరుకోమంటుందనుకున్నాను.

“నాకూ తెలుసే” అంది. “ఆదివారం సాయంత్రమే మడి సూసాను. నా కొడుకే సెప్పుకుంటాడని సూసాను. ఇయాల సెప్తాడు, రేపు సెప్తాడు అని ఊరుకున్నాను. ఈ కట్ట నీ ఒక్కదానికోసమే నీల్లలో ఒగ్గీనాననుకున్నావేటే?”

అరవై ఐదేళ్ళ మనిషి, ఇంటికి పెద్ద, ఆ కుళ్ళు నీళ్ళ చేతులతో మొహం కప్పుకుంది. నాకు జాలి వేయలేదు, కోపం వచ్చింది. పిల్లదాన్ని, నాకు భయమేసింది, నీకేమైందే అని అడగాలనిపించింది. అడిగాను కూడా. తిట్టలేదు. “సిగ్గు” అంది. లేచి, చేతులు కడుక్కోకుండానే నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది.

పెదనాన్న భోజనం చేస్తున్నాడు. తల్లి ఏం మాట్లాడబోతోందో చూడగానే అర్థమైపోయింది ఆయనకి. “రేపు మీటింగులో సెప్తానమ్మా” అన్నాడు. “ఆరు దినాల నుంచీ రేపేనేట్రా నీకు?” అంది మామ్మ. ఆయన అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. మామ్మ నా వైపు తిరిగి, రేపు నీ పెదనాన్న నోరు విప్పితే సరే, విప్పకపోతే హేండిలు తెచ్చినదానివి నువ్వు గనక నువ్వే చెప్పు, నేను నీ పక్కనుంటాను అంది. నన్నెందుకు ముందుకి తోస్తోందని అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు నాకు తెలుసు. ఆమె చెబితే అది తల్లీకొడుకుల తగువని కొట్టిపారేసేవాళ్ళు.

శనివారం బడి వరండాలో కుర్చీలు వేశారు. ఆ కుర్చీల్లో పెద్దల పక్కన మా పెదనాన్న కూర్చున్నాడు. న్యాయం చెప్పడానికి! మావ హేండిలు చేత్తో పట్టుకుని కింద నిలబడ్డాడు. ఆడవాళ్ళ వెనక అక్క నిలబడింది. తెల్లమీసాల పెద్దాయన ఒకాయన మొదలెట్టాడు.

“హేండిలు నీకాడుంటాది. తూము నువ్వెత్తనేదంటావు. మరి దానికి కాళ్ళొచ్చినాయేటి?”

అందరూ నవ్వారు. నేను పెదనాన్న వైపు చూస్తున్నాను. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అని చూస్తున్నాను. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. మావ చెయ్యి చాచి హేండిలు పెద్దాయనకి ఇచ్చేయబోయాడు. ఆ నవ్వులే నన్ను నిలబెట్టాయి. ధైర్యం కాదు, ఒళ్ళుమంట.

“కాళ్ళు రానేదు. నానే అట్టుకెల్లినాను” అన్నాను.

“గుంటకేటి తెలుసు, సిన్నపిల్లవి, ఇంటికెల్లమ్మా” అన్నాడాయన. వెళ్ళలేదు. మామ్మ చెయ్యి నా వీపు మీద ఉంది. “మా పెదనాన్న తెమ్మన్నాడు. ఆదివారం తూము ఎత్తినాడు, మజ్జాన్నం దింపినాడు. నానే మల్లీ మేకుకి తగిలించినాను. మావోలు అప్పుడు ఊల్లోనే నేరు.”

అప్పుడు పెదనాన్న లేచి, “అవును, నానే” అన్నాడు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. మావ దొంగ అనుకున్నప్పుడు ఆరు రోజులు పంచాయితీ పెట్టిన పెద్దమనుషులకి, మెంబరు పేరు రాగానే ఆరు నిమిషాలు కూడా పట్టలేదు. “సర్లే, వరి ఎండిపోతాదని ఎత్తుంటాడు. అయిపోనాదేదో అయిపోనాది. ఇంక నువ్వు ఒగ్గీ” అన్నాడు తెల్లమీసాలాయన మావతో. ఒగ్గీడమంటే మా వైపు వదిలేయడం. అందరూ తలలూపారు. ఒకాయన అప్పుడే లేచి కుర్చీ మడతపెడుతున్నాడు. ఎవరి తప్పైతేనేం, వదిలెయ్యాల్సింది మాత్రం మావే అన్నమాట!

మావ కదల్లేదు. ఆయన గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అప్పుడు కూడా గట్టిగా మాట్లాడలేదు.

“ఒగ్గీస్తాను బావూ. ఒగ్గీడం నాకు సేతనవును. కానీ ముందు ఆ మాట అనండి. ఆరు దినాలు నన్ను దొంగన్నారు కదా, నాను కాదని ఇక్కడే, ఇందరిలోనే అనండి. అన్నాక ఒగ్గీస్తాను.”

ఎవరూ అనలేదు. ఒకాయన జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు, అది మోగనే లేదు. మావ అలాగే నిలబడి ఉన్నాడు. చివరికి పెదనాన్న వరండా దిగి కిందికి వచ్చాడు. “నీ తప్పేటీ నేదు. తప్పు నాది. తూము ఎత్తడం ఒకటి, నీకు సెప్పకపోడం ఒకటి. రెండోదే పెద్దది” అన్నాడు. తర్వాత ఒకరిద్దరు కూడా గొణిగారు. తెల్లమీసాలాయన మాత్రం సర్లే సర్లే అంటూ వెళ్ళిపోయాడు. ఆయన ఈ రోజుకీ అనలేదు.

మరుసటి రోజే మామ్మ మా ఇంట్లో ఆరిన మంచి నార దింపించి, మెరక వైపు నష్టపోయినవాళ్ళందరికీ పంచింది. పెదనాన్నే మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. హేండిలు మళ్ళీ మావ ఇంట్లోకే వెళ్ళింది. ఆఖరి కట్టలు ఒడ్డెక్కాక మావ మా వాకిట్లోకి వచ్చి, రేపు పొద్దున్న నీ మడికి నీళ్ళు వదులుతున్నాను అని పెదనాన్నతో ఎప్పటిలాగే చెప్పి వెళ్ళాడు. మొహంలో పిసరంత వెటకారం లేదు. నేనైతే ఆ ఏడు ఆ మడికి చుక్క నీరు వదిలేదాన్ని కాదు. ఆయన నిజంగానే ఆ సంగతి వదిలేశాడు. అనిపించుకున్నాకనే వదిలేశాడు.

ఇన్నేళ్ళలో ఆ ఒగ్గీ అనే మాట నేను చాలా చోట్ల విన్నాను. స్టాఫ్ రూములో విన్నాను, ఆస్పత్రి వరండాలో విన్నాను, పెళ్ళిళ్ళలో చుట్టాల మధ్య విన్నాను. పెద్దమనసు చేసుకో, పట్టించుకోకు, వదిలెయ్. దెబ్బ కొట్టినవాడితో ఎవరూ అనరు. ఎప్పుడూ దెబ్బ తిన్నవాడితోనే అంటారు. విన్నప్పుడల్లా ముందు ఆ మాట అనండి అని నేను అడ్డుపడతాను. గయ్యాళిదని నాకు పేరు. ఉండనీ.

ఇక అక్క సంగతి. శనివారం రాత్రి నాకు గుండె తేలికైపోయింది. అందరిలో నిజం చెప్పాను, మావని నిలబెట్టాను, అక్క నన్ను ముద్దు పెట్టుకుంటుందనుకున్నాను. ఆదివారం వాళ్ళు చర్చి నుంచి రాగానే పరిగెత్తాను. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను, తప్పయిపోయింది అక్కా అన్నాను. అక్క నన్ను కూర్చోమనలేదు. “నీ మీద నాకు ఇంకా కోపం ఉన్నాది. నువ్వు నేదన్నాక మా నాన్న ఆ మూడు రాత్రులు ఎలాగున్నాడో నీకు తెల్దు. తగ్గినాక నానే పిలుస్తాను, ఎల్లు” అంది.

నేను నిజం చెప్పాను కదా, ఇంకా కోపమేమిటని ఇంటికొచ్చి మామ్మ దగ్గర ఎగిరాను. మామ్మ విని, పిలిచేదాకా వెళ్ళకు అంది. సోమవారం పిలవలేదు. మంగళవారం పిలవలేదు. సాయంత్రాలు మా గుమ్మంలో ఒక్కదాన్నే లెక్కలు చేసుకున్నాను, సగం తప్పులు వచ్చాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అక్క పెరట్లో దుప్పట్లు ఉతుకుతూ గోడ మీంచి కేకేసింది.

“ఒసే, ఈ దుప్పటి ఆ కొస పట్టుకో.”

వెళ్ళి పట్టుకున్నాను. ఇద్దరం చెరో వైపు మెలిపెట్టి నీళ్ళు పిండాం. క్షమించానని అక్క అనలేదు, నేనూ అడగలేదు. అప్పటి నుంచీ, ఎవరి దగ్గర తప్పు చేసినా ఆ పూటే వెళ్ళి చెప్పేస్తున్నాను. వదిలెయ్యమని మాత్రం అడగను. పిలిచినప్పుడు వెళ్తాను.